అన్న వేసుకునే లిథియం గోలి

మా అన్నకు ఇరవై నాలుగేళ్లున్నప్పుడు ఒకరోజు పొద్దున్నే గడ్డపార తీసుకుని మా ఇంటి వెనక గోడ పడగొట్టాడు. అప్పటికి వారం రోజులుగా అతనికి నిద్ర లేదు. అలసట కూడా లేదు. మధ్యాహ్నానికల్లా గోడ మట్టంతా ఎత్తి పక్కన పోసి, పెరట్లో ముగ్గుపిండితో ఆరు గదుల ఇంటికి గీతలు గీశాడు. సాయంత్రం తల దువ్వుకుని, తెల్ల అంగీ తొడుక్కుని, మా ఊళ్లోనూ పక్కనున్న రెండు ఊళ్లలోనూ తెలిసినవాళ్లందరికీ శుక్రవారం గృహప్రవేశమని చెప్పి వచ్చాడు.

శుక్రవారం నిజంగానే జనం వచ్చారు. కొందరి చేతుల్లో స్టీలు గిన్నెలు, ఒకరి చేతిలో దేవుడి పటం. గోడ లేని ఇంటి ముందు నిలబడి ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అమ్మ పొయ్యి వెలిగించింది. ఇంట్లో ఉన్న బియ్యమంతా వండి, పప్పు చేసి, వచ్చినవాళ్లకు పెట్టి పంపింది. బాపు అంతకు నాలుగేళ్ల ముందే పోయాడు. నేనప్పుడు జనగామలో డిగ్రీ చదువుతున్నాను. కబురందుకుని దంతాలపల్లిలో బస్సు దిగి, ఊరికి నడిచి వచ్చేసరికి అన్న ఆ ముగ్గు గీతల మధ్య నిలబడి ఉన్నాడు.

"తమ్మీ, గిది నీ అర్ర. కిటికీ తూర్పుకు పెట్టిస్త. సదువుకోను మంచిగుంటది" అన్నాడు.

అతని కళ్లు మెరుస్తున్నాయి. గొంతు బొంగురుపోయింది. నాకు భయమేసింది.

ఇంకో పది రోజులకు ఆ హుషారంతా దిగిపోయింది. ఎంతగా దిగిపోయిందంటే, ఏడు నెలలు మంచం దిగలేదు. అమ్మ అన్నం కలిపి నోటికి పెడితే తినేవాడు, లేకపోతే లేదు. పొలం బీడు పడింది. అమ్మ ఎవరేం చెబితే అది విన్నది. తాయెత్తు కట్టించింది, కోడిని కోయించింది, ఒక గుడి దగ్గర మూడు వారాలు నిద్ర చేయించింది. చివరికి మా కాలేజీలో లెక్చరర్ ఒకాయన చెబితే వరంగల్‌లో మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకుపోయాం.

డాక్టరు అన్నతో చాలాసేపు మాట్లాడాడు. తర్వాత నన్నూ అమ్మనూ కూర్చోబెట్టి, ఇది గాలీ ధూళీ కాదనీ, బీపీ, షుగర్ లాంటి జబ్బేననీ, మనసు ఒకసారి మితిమీరి పైకి లేచి ఇంకోసారి పాతాళానికి పడిపోతుందనీ చెప్పాడు. మందు రాసిచ్చాడు. మందుల షాపులో ఇచ్చిన గోలీల అట్ట మీద పేరు చదివి నేను అక్కడే ఆగిపోయాను. లిథియం కార్బొనేట్.

అప్పటికి నేను బట్టీ పట్టిన ఆవర్తన పట్టికలో లిథియం మూడో మూలకం. లోహాలన్నిటిలోకీ తేలికైనది. కత్తితో కోస్తే తెగుతుంది, నీళ్లలో వేస్తే బుసబుసమంటూ తేలుతుంది, మంటలో పెడితే ఎర్రటి వెలుగునిస్తుంది. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. దాని లవణాన్ని మనిషి మింగుతాడని, మింగితే కూలిపోయిన మనసు లేచి కూర్చుంటుందని ఏ పుస్తకమూ నాకు చెప్పలేదు. మళ్లీ లోపలికి వెళ్లి డాక్టరునే అడిగాను, ఇది ఎలా పనిచేస్తుందని.

"పూర్తిగా మాకూ తెలియదు బాబూ. పనిచేస్తుందని మాత్రం తెలుసు" అన్నాడాయన.

అప్పుడే కొన్ని జాగ్రత్తలు చెప్పాడు. మోతాదు కొంచెం తక్కువైతే పనిచేయదు, కొంచెం ఎక్కువైతే విషం. రెండింటికీ మధ్య దూరం చాలా తక్కువ. అందుకే మూడు నెలలకోసారి రక్తపరీక్ష చేయించాలి. నీళ్లు బాగా తాగాలి. ఉప్పు రోజూ ఒకే తీరుగా తినాలి, ఉన్నట్టుండి తగ్గించకూడదు. వాంతులు, విరేచనాలు అయితే వెంటనే రావాలి. వేరే ఏ గోలీ అయినా అడగకుండా వేసుకోకూడదు. నేను తలూపాను. అమ్మ మాత్రం ప్రతి మాటనూ పైకి అంటూ ఇంటిదాకా వచ్చింది.

రెండు నెలల్లో అన్న పొలానికి పోయాడు. ఆ వానాకాలం పత్తి వేశాడు. మరో ఏడాదికి జనగామ వైపు నుంచి ఒక సంబంధం వచ్చింది. జబ్బు సంగతి దాచొద్దని నేను పట్టుబట్టాను. ఆ అమ్మాయి వాళ్ల నాయిన మొహం మాడ్చుకున్నాడు. లోపలి నుంచి ఆమే బయటికొచ్చి నన్ను అడిగింది.

"గోలి ఏస్కుంటే మంచిగనే ఉంటడా?"

"ఉంటడు."

"ఎన్నొద్దులు ఏస్కోవాలె?"

"బతికున్నన్ని రోజులు."

"అయితే గోలి నేనిస్త తియ్యి" అన్నది. ఆమె మా వదిన.

అమ్మ బతికున్నప్పుడే ఆ జాగ్రత్తలన్నీ వదినకు అప్పజెప్పింది. వదినకు చదువు రాదు, అంకెలు మాత్రం వచ్చు. కూరలో ఉప్పు ఒకే చిన్న చెంచాతో కొలిచి వేసేది. ఎండాకాలం అన్న పొలానికి పోతే రెండు సీసాల నీళ్లు వెంట పంపి, సాయంత్రం ఖాళీ సీసాలు తిరిగొచ్చాయో లేదో చూసేది. రక్తం తీసే రోజు పొద్దుటి గోలి ఇవ్వకుండా కొంగున ముడేసుకుని, వరంగల్‌లో సూది గుచ్చిన తర్వాతే విప్పి ఇచ్చేది. రిపోర్టు రాగానే నాకు ఫోన్ చేసేది. "సున్న, చుక్క, ఏడు. మంచిదేనా?" "మంచిదే వదినె." ఇలా చాలా ఏళ్లు గడిచాయి.

మందుకు ఒక గుణం ఉండేది. అన్న చేతివేళ్లు సన్నగా వణికేవి. చాయ్ గ్లాసు పట్టుకుంటే చాయ్ మీద చిన్న అలలు లేచేవి. గోలి మొదలుపెట్టిన దగ్గర్నుంచి అన్న కల్లు కూడా ముట్టలేదు. అయినా తెలియనివాళ్లు ఆ చేతులు చూసి, "ఏందే, గట్టిగనే తాగుతున్నట్టున్నవ్" అనేవాళ్లు. అన్న నవ్వి ఊరుకునేవాడు.

నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. మొదట మహదేవపూర్ వైపు, తర్వాత ఘనపూర్‌లో. ఏటా పదో తరగతి పిల్లలకు మూలకాల పాఠం చెప్పేవాణ్ణి. మొదటి నిలువు వరుసలో లిథియం, దాని కింద సోడియం, దాని కింద పొటాషియం. ఒకే కుటుంబం, ఒకే గుణం అని బోర్డు మీద రాసేవాణ్ణి. స్కూల్లో కిరోసిన్ సీసాలో ఉన్న సోడియం ముక్కను బఠాణీ గింజంత కోసి నీళ్లలో వేస్తే పిల్లలు కేరింతలు కొట్టేవాళ్లు. సోడియం అంటే మనం తినే ఉప్పులో ఉండేదేననీ, లిథియం అంటే ఫోన్ బ్యాటరీలో ఉండేదనీ చెప్పేవాణ్ణి. మా అన్న కడుపులో కూడా ఉంటుందని ఎప్పుడూ చెప్పలేదు. సిగ్గు అనలేను. అది మా ఇంటి సంగతి అనుకున్నాను.

కొన్నేళ్ల కిందట ఎండాకాలం సెలవులు మొదలైన మర్నాడు వదిన ఫోన్ చేసింది. వాళ్లమ్మ జారిపడి తుంటి ఎముక విరిగిందట. "నేను పన్నెండు పదిహేను రోజులు ఆడనే ఉండాలె తమ్మీ. నువ్వు అన్న కాడికి రా" అన్నది. అప్పటికి అమ్మ లేదు. వాళ్లకు పిల్లలు లేరు. నేను ఒక్కణ్ణే బయలుదేరి వచ్చాను.

వదిన బస్సెక్కే ముందు అన్నీ చెప్పింది. గోలీల డబ్బా, నీళ్ల సీసాలు, ఉప్పు చెంచా. నేను నవ్వాను. "నాకెరుకే వదినె. నేను సైన్సు సారును."

ఆమె నవ్వలేదు. "ఎరుకైతే మంచిదే" అని బస్సెక్కింది.

ఆ ఏడాదే నాకు బీపీ ఉందని తేలింది. ఉప్పు బాగా తగ్గించమని నా డాక్టరు చెప్పాడు. వంట నేనే చేస్తున్నాను కాబట్టి ఇద్దరికీ కలిపి చప్పగానే వండాను. అన్న అదే తిన్నాడు. ఒకసారి మాత్రం పచ్చడి లేదా అని అడిగితే, "ఈ వయసుల ఉప్పు తగ్గిస్తే నీకూ మంచిదే" అన్నాను.

మూడో రోజు అన్నకు మోకాళ్ల నొప్పులు పట్టుకున్నాయి. మిర్చి కల్లంలో పది రోజులుగా గొంతుకూర్చుని తాలుకాయలు ఏరుతున్నాడు. నా సంచిలో నేను నడుం నొప్పికి వాడే గోలీలున్నాయి. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి ఇచ్చాను. మర్నాటికి నొప్పి తగ్గింది. "మంచి గోలి ఇచ్చినవ్ తమ్మీ" అని సంతోషపడ్డాడు. నాకూ సంతోషమేసింది. అలాగే ఇస్తూ పోయాను.

ఐదో రోజు నుంచి అన్నకు విరేచనాలు మొదలయ్యాయి. వడగాలి కొట్టిందనుకున్నాం. నిమ్మకాయ నీళ్లు ఇచ్చాను, అందులో కూడా ఉప్పు వేయలేదు. ఏడో రోజు అన్నం ముద్ద నోటిదాకా పోకముందే చేతిలోంచి రాలింది. అన్న తన చేతిని తనే వింతగా చూసుకున్నాడు. నేను చూశాను. చూసి కూడా నీరసమనుకున్నాను.

ఎనిమిదో రోజు దంతాలపల్లిలో మా మేనత్త మనవడి పెళ్లి. నా బండి మీదే ఇద్దరం వెళ్లాం. నేను తెలిసినవాళ్లతో మాటల్లో పడ్డాను. కాసేపటికి పళ్లెం పడిన చప్పుడు, వెంటనే నవ్వులు. తిరిగి చూస్తే అన్న భోజనాల బంతుల మధ్య ఊగుతూ నిలబడి ఉన్నాడు. చేతిలోని పళ్లెం జారి, చారంతా ఒక పెద్దాయన పంచె మీద పడింది. అన్న ఏదో చెప్పబోయాడు కానీ మాట ముద్దగా వచ్చింది.

"పొద్దుగాల్నే ఏసిండు" అన్నారెవరో. "వదినె ఊళ్లె లేకపాయె మరి" అన్నారు ఇంకెవరో.

నాకు తల కొట్టేసినట్టయింది. జబ్బ పట్టుకుని పందిరి అవతలికి లాక్కుపోయాను.

"ఇన్నేండ్లు ముట్టలేదు గద! వదినె లేదని తాగినవా? నలుగుట్ల నా ఇజ్జత్ తీస్తున్నవ్!"

"తాగలే తమ్మీ..." అన్నాడు. ఆ రెండు మాటలకు చాలాసేపు పట్టింది. "కాళ్లు... నా మాట ఇంటలెవ్వు."

నేను అతని నోటి దగ్గర వాసన చూశాను. ఏ వాసనా రాలేదు. అయినా నమ్మలేదు. అదే ఇప్పటికీ నన్ను వదలని సంగతి. నా ముందున్న సాక్ష్యం కంటే వెనక వినిపించిన నవ్వులనే నమ్మాను. "సిగ్గుండాలె" అన్నాను. నా కంటే ఆరేళ్లు పెద్దవాణ్ణి, నా పరీక్షల రోజుల్లో తొర్రూరు దాకా సైకిలు మీద దిగబెట్టిన మనిషిని ఆ మాట అన్నాను. అన్న తల వంచుకున్నాడు.

ఇంటికి తెచ్చి పడుకోబెట్టి వదినకు ఫోన్ చేశాను. నిజం చెప్పాలంటే ఫిర్యాదు చేయడానికే చేశాను. పెళ్లిలో జరిగిందంతా చెప్పాను. ఆమె మధ్యలో అడ్డు రాలేదు. నేను ఆపగానే అడిగింది.

"చెయ్యి సన్నగ వణుకుతుందా, పెద్దగ కొట్టుకుంటుందా?"

మంచం వైపు చూశాను. అన్న చెయ్యి దుప్పటి మీద ఎగిరెగిరి పడుతోంది. "పెద్దగనే."

"కడుపు కడుక్కపోయిందా?"

"మూడు రోజుల సంది."

"ఏరే గోలి ఏమన్న ఏసినవా?"

"మోకాళ్ల నొప్పులంటే నా గోలీలు..."

"ఉప్పు?"

"చప్పగనే వండిన..." అన్నాను. అటు వైపు ఆమె గట్టిగా ఊపిరి పీల్చడం వినిపించింది.

"తమ్మీ, ఆయన తాగలే. అది మందు ఎక్కువైంది. ఇగ గోలి ఇయ్యకు. గిప్పుడే బండి మాట్లాడి దవాఖానకు తీస్కపో. నేను ఎల్లిన్నంటే ఎల్లిన్న."

పక్కింటివాళ్ల కారులో మహబూబాబాద్ తీసుకుపోయాం. దారిలో అన్న నన్ను గుర్తుపట్టడం మానేశాడు. అక్కడ సెలైన్ పెట్టి, అంబులెన్సులో వరంగల్ పంపించారు. రక్తపరీక్షలో అంకె మూడు దాటింది. సున్న, చుక్క, ఏడు ఉండాల్సిన చోట మూడు. కిడ్నీలు ఆ మందును బయటికి పంపలేకపోతున్నాయనీ, డయాలిసిస్ చేయాలనీ చెప్పారు.

నడివయసు లేడీ డాక్టరు ఒకామె నన్ను పిలిచి ఏమేం జరిగిందో అడిగింది. దాచకుండా చెప్పాను. ఆమె కోప్పడలేదు. "నొప్పి గోలీలు కిడ్నీలోంచి లిథియం పోనివ్వవు. పైగా ఉప్పు తగ్గింది, విరేచనాలతో ఇంకా పోయింది. ఒంట్లో సోడియం తక్కువైతే కిడ్నీ ఉన్న సోడియాన్ని పట్టి ఉంచుకోవాలని చూస్తుంది. లిథియం అచ్చం సోడియంలాగే ఉంటుంది కదా, దాన్ని కూడా పట్టుకుంటుంది. రెండూ ఒకే గ్రూపు" అని, నా మొహం చూసి, "మీరేం చేస్తుంటారు?" అని అడిగింది.

ఏమని చెప్పను? "టీచరు" అన్నాను. ఏ సబ్జెక్టో ఆమె అడగలేదు. నేనూ చెప్పలేదు.

వదిన సాయంత్రానికి వచ్చింది. వాళ్లమ్మను చెల్లెలికి అప్పజెప్పి వచ్చిందట. వార్డు బయట బెంచీ మీద నా పక్కనే కూర్చుంది. నన్ను తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండుననుకున్నాను. ఆమె కొంగు సరిచేసుకుని, "బువ్వ తిన్నవా?" అని అడిగింది. అప్పుడు ఏడ్చాను.

"నీకు ఎరుక లేక గాదు తమ్మీ" అన్నది కాసేపటికి. "ఎరుకున్నది గనకనే నువ్వు భయపడలే. నాకు ఎరుక లేదు, అందుకే నాకు రోజూ భయమే."

పదకొండు రోజులు అక్కడున్నాం. రెండోసారి డయాలిసిస్ అయ్యాక అన్న కళ్లు తెరిచి వదినను పేరు పెట్టి పిలిచాడు. ప్రాణం దక్కింది. కానీ నడక మునుపటిలా రాలేదు. కాళ్లు ఎడంగా వేసి, పడవలో నిలబడ్డ మనిషిలా నడుస్తాడు. మాట కొంచెం సాగుతుంది. ఒక్కోసారి ఇలా శాశ్వతంగా మిగిలిపోతుందని డాక్టరు చెప్పింది. పొలం గట్ల మీద నడిస్తే పడిపోతాడు. అందుకని పొలం పనులన్నీ వదినే చూస్తోంది. అన్న ఇంటి దగ్గర బర్రెను చూసుకుంటాడు, చాప మీద కూర్చుని మిర్చి ఏరుతాడు.

లిథియం ఆపి వేరే మందు ఇచ్చారు. ఏడాది తిరగకుండానే అన్నకు మళ్లీ నిద్ర కరువైంది, మాటలు ఎక్కువయ్యాయి. ఊరికి కొత్త బడి కట్టిస్తానని మొదలుపెట్టాడు. వదిన రెండో రోజే పసిగట్టి వరంగల్ తీసుకుపోయింది. డాక్టర్లు చాలాసేపు ఆలోచించి, కిడ్నీ పరీక్షలన్నీ చూసుకుని, తక్కువ మోతాదులో మళ్లీ లిథియమే మొదలుపెట్టారు. ఈసారి రక్తపరీక్ష ప్రతి నెలా. అతన్ని సరిగా నడవలేకుండా చేసిన ఆ లవణం తప్ప అతని మనసును నిలబెట్టేది ఇంకొకటి దొరకలేదు. వదిన ఆ అట్టను చేతిలోకి తీసుకున్నప్పుడు ఆమె మొహం వైపు నేను చూడలేకపోయాను.

దవాఖాన నుంచి వచ్చిన నెలలోనే నేను ఒక పని చేశాను. ఆ పెళ్లికి వచ్చినవాళ్లలో నాకు తెలిసినవాళ్ల ఇళ్లకు పోయి, ఆ రోజు అన్న తాగలేదని, మందు వికటించిందని, తప్పు నాదని చెప్పాను. కొందరు అయ్యో అన్నారు. కొందరు నా మాటకు తలూపారు కానీ నమ్మలేదని తెలుస్తూనే ఉంది. చారు పడ్డ పంచె పెద్దాయన మాత్రం మర్నాడే మా ఊరికి వచ్చాడు. అన్న పక్కన మంచం మీద గంటసేపు కూర్చుని, వానల గురించి, బర్రె పాల గురించి మాట్లాడి వెళ్లాడు. పెళ్లి ఊసే ఎత్తలేదు.

అన్నకు మాత్రం చెప్పలేకపోయాను. రెండేళ్లు పట్టింది. పోయిన చలికాలం ఒక ఆదివారం వదిన మిర్చి తోటలో ఉంది, మేమిద్దరం వాకిట్లో ఎండకు కూర్చున్నాం. పెళ్లి దగ్గర నేనేమన్నానో, నోటి వాసన ఎలా చూశానో, సిగ్గుండాలె అన్న మాటతో సహా అంతా చెప్పాను.

అన్న శ్రద్ధగా విన్నాడు. వేరే ఎవరి కథో వింటున్నట్టు మధ్యలో "అట్లనా" అన్నాడు.

"నాకు యాద్ లేదు తమ్మీ" అన్నాడు మెల్లగా. "పెండ్లికి పోయింది గూడ యాద్ లేదు. యాద్ లేనిదాన్ని నేనెట్ల మాఫ్ చెయ్యాలె?"

అన్న తన మోకాలు తడుముకున్నాడు.

"నువ్వు గోలి ఇచ్చింది మాత్రం యాదికున్నది. మోకాలు నిమ్మలమైంది" అని నవ్వాడు. తర్వాత చెయ్యి చాచాడు. "లెవ్వు. మీ వదినె తానికి పోదాం. గట్టు మీద జర పట్టుకో."

పట్టుకున్నాను. గట్టు సన్నగా ఉంది, అతనికి రెండు కాళ్లు ఎడంగా వేయడానికి చోటు లేదు. నేను పక్కన మడిలోకి దిగి, బురదలో నడుస్తూ అతని మోచెయ్యి ఎత్తి పట్టుకున్నాను. తోట దాకా చేరడానికి అరగంట పట్టింది. వదిన దూరం నుంచి చూసి, కోసిన కాయలు ఒడిలోంచి సంచిలో పోసి, నీళ్ల సీసా తీసుకుని మాకు ఎదురొచ్చింది.